కార్డు బీరువాలో ఉంది, పేరు లిస్టులో లేదు

2023 మే 10న కర్ణాటక అసెంబ్లీ ఎలక్షన్. సరిగ్గా ఆ రోజే మా షెడ్డులో పురుగులు పండుకొచ్చాయి. పండిన పురుగు ఎవరి కోసమూ ఆగదని మీకు మేము చెప్పేదేముంది. తెల్లారకముందే లేచి, ఏరి చంద్రికల మీద వేస్తూ, వంతులేసుకుని బూత్‌కి పోయొచ్చాం. ముందు పెద్దోళ్లు, తర్వాత మేము. అందరి పనీ చూసి, అందరికీ అన్నం పెట్టి, సాయంత్రం నాలుగున్నరకి మా వదిన బయల్దేరింది. అరగంటలో వచ్చేసింది. వేలు చూస్తే సిరా లేదు.

"ఈడ నీ పేరు లేదంట. కార్డు ఆంధ్రాదంట" అని చెప్పి, చీర కొంగు నడుముకి చెక్కుకుని మళ్లీ పురుగులు ఏరను కూర్చుంది.

వదినది కుప్పం పక్క ఊరు. పెళ్లై శిడ్లఘట్ట తాలూకాకి వచ్చి అప్పటికే చాలా ఏళ్లు. ఆధార్ మార్పించాం, రేషన్ కార్డులో ఎక్కించాం, బ్యాంకు అకౌంటు తెరిపించాం. ఓటరు కార్డు మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే బీరువాలో ఉంది. కార్డు ఉంటే దేశంలో యాడైనా ఓటు పడుతుందనుకున్నాం. పడదు. కార్డు మనిషి ఎవరో చెప్పేదానికి మాత్రమే. ఓటు ఉండేది లిస్టులో, అదీ ఆ బూత్ లిస్టులో.

ఇందులో మా తప్పు ఇంకొకటి ఉంది, అదీ చెప్పాలి. ముందు రోజు రాత్రి వాట్సాప్‌లో ఒక మెసేజ్ వచ్చింది. లిస్టులో పేరు లేకపోయినా ఆధార్ చూపించి "ఛాలెంజ్ ఓటు" అడగండి, ఇచ్చి తీరాలి, అలాంటి ఓట్లు 14 శాతం దాటితే రీపోలింగ్ పెడతారు అని. మేము చదివి, బాగుందే అనుకుని, మన గూళ్ల గ్రూపులో కూడా పంపించాం. వదిన బూత్‌లో అదే అడిగింది. అక్కడున్న ఆఫీసరు కోప్పడలేదు, అలాంటిది లేదమ్మా అని కన్నడంలో మెల్లగా చెప్పిందంట. లైన్లో వెనకాల ఉన్నోళ్లు మాత్రం నవ్వారంట.

తర్వాత తెలుసుకుంటే ఆ మెసేజ్ 2019 ఎలక్షన్లప్పటి నుంచీ తిరుగుతా ఉంది, అబద్ధమని ఎలక్షన్ కమిషన్ వాళ్లే చెప్పారు. ఛాలెంజ్ అనే మాట రూల్సులో ఉంది కానీ దాని అర్థమే వేరే. ఓటెయ్యను వచ్చిన మనిషి అసలు మనిషి కాదని పార్టీ ఏజెంటుకి అనుమానం వస్తే, 2 రూపాయలు కట్టి అభ్యంతరం చెప్తాడు, దాన్ని ఛాలెంజ్ అంటారు. ఇంకొకటి టెండర్ ఓటు. లిస్టులో మన పేరుండి, మనం పోయేసరికి ఎవరో మన ఓటు వేసేసి ఉంటే, మనం ఎవరో రుజువు చూపించి కాగితం బ్యాలెట్ మీద వేయొచ్చు. దాన్ని వేరే కవర్లో పెడతారు. రెండింటికీ లిస్టులో పేరు ఉండాల్సిందే. పేరే లేకపోతే ఆ రోజు ఎవరూ ఏమీ చేయలేరు.

ఆ పంట మార్కెట్టుకు పోయినాక మేము ఐదిళ్లవాళ్లం కూర్చుని, ఒక్కొక్కరి పేరు ఫోన్లో చూశాం. వోటర్స్ డాట్ ఇసిఐ డాట్ గవ్ డాట్ ఇన్ అని ఎలక్షన్ కమిషన్ వాళ్ల సైటు ఉంది. పేరు, తండ్రి పేరు కొట్టి వెతికితే సగం మందిది దొరకలేదు. భయపడిపోయాం. తర్వాత అర్థమైంది: ఇంట్లో మాట తెలుగు, లిస్టు కన్నడం, ఎవరో దాన్ని ఇంగ్లీషులో ఎక్కించినప్పుడు వెంకటరవణప్ప, వెంకటరమణప్ప, వెంకటరాయప్ప అన్నీ ఒకటైపోయాయి. కార్డు మీదున్న నంబరు కొట్టి వెతికితే మాత్రం వెంటనే వచ్చింది. కాబట్టి పేరుతో వెతకొద్దు, నంబరుతో వెతకండి. ఇంటర్నెట్ చేతకాని పెద్దోళ్లుంటే 1950కి ఫోన్ చేసి అడగొచ్చు.

అలా చూస్తే ఐదిళ్లలో వదిన ఒక్కతే కాదు. ఒక ఇంట్లో 19 ఏళ్ల కొడుకు పేరే ఎక్కలేదు. ఇంకో ఇంట్లో చనిపోయిన తాత ఓటు ఇంకా ఉంది. మా నాయన పేరులో అక్షరం తప్పు. షెడ్డు పక్క గదిలో కాపురముండే కూలి జంటకి ఇద్దరికీ లేదు.

ఫారాల దగ్గర చాలామంది తప్పు చేస్తారు. ఫారం 6 అంటే కొత్త ఓటరు. ఫారం 7 అంటే చనిపోయినవాళ్ల పేరు, ఊరు విడిచినవాళ్ల పేరు తీసేయమని. ఫారం 8 అంటే అడ్రసు మార్పు, తప్పు దిద్దుబాటు, పోయిన కార్డుకి బదులు కార్డు. పెళ్లై వచ్చిన కోడలికి అంతకుముందే యాడైనా ఓటుంటే ఆమెకి ఫారం 8, ఫారం 6 కాదు. రాష్ట్రం దాటి వచ్చినా అంతే. టౌన్లో ఒక సెంటరులో "కొత్తదే వేసేద్దాం, త్వరగా వస్తుంది, పాతది కూడా ఉండనీ, పుట్టింట్లోనూ పనికొస్తుంది" అన్నారు. మేము ఒప్పుకోలేదు. ఫారం 6లో నాకు ఇంకెక్కడా ఓటు లేదని సంతకం పెట్టాలి. అబద్ధపు సంతకానికి ఏడాది దాకా జైలు అని చట్టంలో ఉంది, 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం, 31వ సెక్షను.

గడి దగ్గర ఊళ్లలో రెండు పక్కలా ఓటున్నవాళ్లు ఎంతమందో మనందరికీ తెలుసు. 2024లో మాకు ఏప్రిల్ 26న, ఆంధ్రాకి మే 13న పోలింగు. రెండు చోట్లా వేసొచ్చామని మార్కెట్లో గొప్పగా చెప్పుకున్నవాళ్లనీ చూశాం. మాకు అది గొప్పగా కనపడలేదు. ఒక మనిషి రెండు ఓట్లు వేస్తే, ఒక ఓటు కూడా లేని మా వదినలాంటివాళ్ల మాట ఇంకా తేలికైపోతుంది.

వదిన ఫారం 8 మేమే ఫోన్లో వేశాం. అడ్రసుకి కరెంటు బిల్లు, బ్యాంకు పాసుబుక్కు, ఆధార్, పొలం పత్రాలు ఏదో ఒకటి చాలు. ఆమె పేరు మీదే ఉండాలని లేదు, అదే ఇంట్లో ఓటున్న మొగుడి పేరు మీద ఉన్నా సరిపోతుంది. అర్జీ పోయినాక ఒక నంబరు వస్తుంది. దాన్ని రాసి పెట్టుకోండి, అర్జీ ఎంతదాకా వచ్చిందో దానితోనే చూసేది. తర్వాత బూత్ లెవెల్ ఆఫీసరు, మా ఊర్లో అంగన్‌వాడి టీచరమ్మే, ఇంటికి వచ్చి చూస్తుంది. ఆమె వచ్చినప్పుడు మేమంతా తోటలో ఆకు కోస్తున్నాం, ఇంటికి తాళం. మనుషులు లేరని రాసేసుంటే అర్జీ అక్కడితో అయిపోయేది. పక్కింటి అవ్వ కేకేసి పిలిచింది కాబట్టి సరిపోయింది. అర్జీ వేసినాక ఆ అమ్మకి మన ఫోన్ నంబరిచ్చి, ఎన్ని గంటలకి తోటలో ఉంటామో చెప్పి పెట్టుకోవడం మంచిది.

కూలి జంట సంగతి కొంచెం కష్టమైంది. వాళ్ల పేరు మీద ఏ బిల్లూ లేదు. అలాంటివాళ్లకి ఆఫీసరు స్వయంగా వచ్చి, అక్కడే ఉంటున్నారని చూసి ఎక్కించాలి, ఫారంలోనే ఆ మాట ఉంది. రెండు సార్లు తిరగాల్సి వచ్చింది, అయితే అయింది. అప్పుడు మా గ్రూపులో ఒకన్న, "ఇంత కష్టపడి చేయిస్తున్నారు, వాళ్లు మనోళ్లకే వేస్తారా?" అని అడిగాడు. మనోళ్లెవరో మా ఐదిళ్లకే ఒక మాట లేదు. ఆ రోజే అనుకున్నాం: పేరు ఎక్కించేటప్పుడు ఏ పార్టీ మాటా ఎత్తకూడదు. పార్టీ కండువా వేసుకున్నవాళ్ల ఫోన్లో వేయించకూడదు, మన ఓటీపీ వాళ్లకి చెప్పకూడదు.

పిల్లల విషయం తొందరగా చెప్పేస్తాం. ముందు జనవరి 1కి 18 నిండితేనే అనేవాళ్లు. ఇప్పుడు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1, నాలుగు తేదీలు. 17 దాటితే ముందే అర్జీ వేసి పెట్టుకోవచ్చు.

ఎలక్షన్ తేదీ ప్రకటించినాక చూద్దాంలే అని మాత్రం ఉండొద్దు. నామినేషన్ల ఆఖరి రోజుతో లిస్టు మూసేస్తారు. అర్జీ చూసి తేల్చేదానికి టైము కావాలి కాబట్టి దానికి 10 రోజుల ముందే అర్జీ పడాలి. 2024లో మాకు నామినేషన్ల ఆఖరి రోజు ఏప్రిల్ 4. అంటే మార్చి 25 లోపల. పోలింగు ఏప్రిల్ 26. నెల ముందే తలుపు మూసుకున్నట్టు. గుడ్లు తెచ్చే రోజున చేయాల్సిన పనిని గూళ్లు విప్పే రోజున చేస్తే ఎట్లా?

హోసూరు, డెంకణికోట వైపు ఉన్న మన బంధువులకీ, యానాంలో ఉన్నవాళ్లకీ 2025 నవంబరు 4 నుంచి ప్రత్యేక సవరణ జరిగింది. ఇంటింటికీ ఫారం ఇచ్చి, సంతకం పెట్టి వెనక్కి ఇవ్వనివాళ్ల పేరు ముసాయిదా లిస్టులో పెట్టలేదు. అన్ని ఎలక్షన్లలో ఓటేసినవాళ్లదైనా సరే. అక్కడికి మన వైపు నుంచి పోయిన ఆడపిల్లలు ఇరవై ఏళ్ల కిందటి లిస్టులో పుట్టింటివాళ్ల వివరాలు అడుగుతూ మాకు ఫోన్లు చేశారు. అమ్మానాన్నల పాత కార్డులుంటే పారేయకండి, ఒక ఫోటో తీసి పిల్లలకి పంపి పెట్టండి.

ఇంక నిలబడ్డవాళ్ల గురించి. ఎవరికి వేయాలో ఇక్కడ చెప్పం, చెప్పకూడదు. తెలుసుకునే దారి మాత్రం చెప్తాం. నామినేషన్ వేసే ప్రతి మనిషీ తన ఆస్తి, అప్పు, చదువు, మీద ఉన్న కేసులు ప్రమాణపత్రంలో రాసివ్వాలి. దాన్ని ఫారం 26 అంటారు. ఇది ఊరికే వచ్చింది కాదు. అహ్మదాబాదు ఐఐఎం ప్రొఫెసర్లు 1999లో పెట్టిన ఏడీఆర్ అనే సంస్థ కోర్టుకు పోతే, 2002 మే 2న సుప్రీంకోర్టు ఓటరుకి ఈ సంగతులు తెలుసుకునే హక్కు ఉందని తీర్పిచ్చింది. అఫిడవిట్ డాట్ ఇసిఐ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఆ కాగితాలు ఉన్నవి ఉన్నట్టే పెడతారు. ఏడీఆర్ వాళ్ల మైనేత సైటులో అదే విషయం కుదించి ఉంటుంది. తేడా వస్తే కమిషన్ సైటులో కాగితాన్నే నమ్మండి. నామినేషన్ల ఉపసంహరణ అయినాక పోలింగుకి కనీసం 14 రోజులుంటాయి, పంటలో సగం కాలం. ఆ లోపల చదువుకోవచ్చు. ఒక్క మాట, కేసు ఉండటం వేరే, శిక్ష పడటం వేరే. ఏ కేసో, ఏ సెక్షనో చూడకుండా లెక్క మాత్రం చూసి ఫార్వర్డ్ కొట్టొద్దు.

ఇంతకుముందు గెలిచి ఉన్న ఎంపీ అయితే ఇంకో పని చేయొచ్చు. సంసద్ డాట్ ఇన్‌లో ఎవరు ఏ ప్రశ్న అడిగారో ఉంటుంది. పీఆర్‌ఎస్ అనే సంస్థ సైటులో హాజరు ఎంతో, ఎన్ని ప్రశ్నలు అడిగారో ఉంటుంది. మేము అందులో పట్టు గురించి వెతికాం. ఎందుకంటే 2011 బడ్జెట్‌లో ముడిపట్టు దిగుమతి సుంకం 30 శాతం నుంచి 5కి దించిన సంవత్సరం మన గూళ్ల రేటు ఏమైందో మేము మర్చిపోలేదు. 2013లో 15కి పెంచారు. ఆ రెండు నిర్ణయాలూ ఢిల్లీలో జరిగినవి. మన పక్క ఎంపీలు పట్టు మాట ఎత్తారా లేదా అనేది మనకి కులం కంటే, కండువా కంటే దగ్గర విషయం. వెతికి చూసుకోండి, జవాబు మీకే కనపడుతుంది.

2024 ఏప్రిల్ 26న మా పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. ఆకు వేసే పని లేదు. పొద్దున ఏడుకే అందరం కలిసి పోయాం, కూలి జంట కూడా. ఈసారి వదిన ముందు నిలబడింది. బయటికి వచ్చి సిరా వేలు చూపించి, "ఆ మెసేజ్ ఇంకా పంపిస్తున్నారా?" అని నవ్వింది.

మా నాయన పేరులో అక్షరం మాత్రం ఇంకా అట్లే ఉంది. ఒకసారి అర్జీ వేస్తే కాగితం సరిగ్గా కనపడలేదని వెనక్కొచ్చింది. ఈ పంట మార్కెట్టుకు పోయినాక ఫారం 8 మళ్లీ వేయాలి.