తెరచాపకూ రెక్కకూ చుట్టరికం

ఎండ ముదిరేవేళ కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాకలో తలెత్తి చూడండి. పొద్దున్నుంచీ చెట్ల మీద, ఇనుప స్టాండ్ల మీద కూర్చున్న గూడబాతులు ఒక్కొక్కటే లేచి, రెక్క ఆడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైపైకి పోతుంటాయి. నాలుగు కిలోలకు పైబడిన పక్షి, రెక్కలు చాపితే ఏడడుగులు. అంత బరువు శ్రమ లేకుండా ఎలా లేస్తోంది? ఎండకు గట్లు వేడెక్కుతాయి, వాటిని ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది. పక్షి కిందికి జారే వేగం కంటే ఆ గాలి పైకి లేచే వేగం ఎక్కువైతే పక్షి పైకే పోతుంది. మోటారు లేని మోడల్ గ్లైడర్‌ను గంటల తరబడి ఎగరేసేవాళ్లు వెతుక్కునేది కూడా ఆ గాలినే.

మోడల్ విమానాలంటే పిల్లకాయల ఆట అని తీసిపారేసేవాళ్లు చాలామంది. కానీ మనిషిని మోసే విమానం కంటే ముందు పుట్టింది మోడలే. ఇంగ్లండులో జార్జి కేలీ 1804లోనే ఒక కర్రకు గాలిపటం రెక్క, వెనక తోక కట్టి గ్లైడర్ ఎగరేశాడు. 1871లో పారిస్‌లో అల్ఫోన్స్ పెనో, రబ్బరు పట్టీ మెలితిప్పి వదిలిన చిన్న విమానం 11 సెకన్లు గాలిలో నిలిచింది. జర్మనీలో లిలియంతాల్ కొంగల ఎగురుడును ఏళ్ల తరబడి గమనించి 1889లో పుస్తకం వేశాడు. రైట్ సోదరులకు ఎగరాలన్న పిచ్చి పట్టించింది కూడా చిన్నప్పుడు తండ్రి తెచ్చిన, పెనో తరహా రబ్బరు పట్టీ బొమ్మే.

అందుకే నా మాట: మోటారుతో, రిమోట్‌తో మొదలుపెట్టకండి. ఒక పల్చని థర్మాకోల్ షీటు, ఒక సన్నని వెదురు పుల్ల, కాస్త బంకమట్టి చాలు. పుల్లకు ముందువైపు రెక్క, చివర తోక అతికించండి. ఇక బరువు ఎక్కడ నిలవాలన్నదే అసలు విద్య. రెక్క ముందు అంచు నుంచి వెనక్కి, వెడల్పులో సుమారు మూడో వంతు దగ్గర రెండు వేళ్ల కొసలు ఆనించి లేపితే విమానం అటూ ఇటూ వాలకుండా నిలవాలి. నిలిచేదాకా ముక్కుకు మట్టి అద్దుతూ పోండి. గాలి కదలని తెల్లవారుజామున, ముక్కు ఓ పిసరు కిందికి ఉంచి, విసరకుండా ముందుకు తోసి వదలండి. నేలకు సూటిగా పొడుచుకుంటే మట్టి తగ్గించాలి. ముక్కెత్తి, క్షణం ఆగి, కూలబడితే మట్టి పెంచాలి. ఎప్పుడూ ఒకే పక్కకు తిరిగిపోతుంటే రెక్క వంకర పోయిందేమో చూడాలి. ఈ మూడూ చేతికి వచ్చినవాడికి రేపు ఏ రేడియో విమానమైనా లొంగుతుంది.

ఇప్పుడు అదే రెక్కను నిలువుగా నిలబెట్టండి, తెరచాప అవుతుంది. గాలి వెనకనుంచి వీస్తే చాప కేవలం తోపుడు తింటుంది. పక్కనుంచి వీస్తే మాత్రం గాలి చాప వంపు వెంట ఒరిగి మళ్లుతుంది, రెక్క పైకి లేచినట్టే చాప పక్కకు, కొంత ముందుకు లాగుతుంది. ఆ పక్క లాగుడును ఆపడానికి పడవ అడుగున నీళ్లలోకి దిగిన పలక ఉండాలి. అది ఉంటే ఎదురుగాలికి సుమారు 45 డిగ్రీల వాటంలో, అటొకసారి ఇటొకసారి మళ్లుతూ గాలికి ఎదురు కూడా పోవచ్చు. కొల్లేటి తాటి దోనెకు ఆ పలక లేదు. ఉంటే లోతు తక్కువ నీటిలో బురదకు తగులుకుంటుంది. ఇక్కడివాళ్లు గెడను నమ్ముకోవడం అజ్ఞానం కాదు, ఈ నీటికి సరిపడిన తెలివి. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవలో ఈ పలకను పైకి లాక్కునే వీలుంది. ఇక రేడియోతో నడిచే వన్ మీటర్ తరగతి మోడల్ పడవకు మీటరు పొడవు, కనీసం నాలుగు కిలోల బరువు. అందులో సగానికి పైగా అడుగు పలకా, దాని కొసనున్న సీసమే. నీళ్లలోకి దిగేది 42 సెంటీమీటర్లకు మించదు కనుక ఊరి చెరువు చాలు.

ఎగరేసే చోటు గురించి కూడా చెప్పాలి. తాడేపల్లిగూడెంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది కదా అని నేరుగా వెళ్లిపోకూడదు, స్థల యజమాని అనుమతి కావాలి. రేడియో మోడళ్లకు 2021 డ్రోన్ నిబంధనలు వర్తిస్తాయి. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాపులో ఆకుపచ్చగా ఉన్నచోట 400 అడుగుల లోపు ఎగరేసుకోవచ్చు. మోడల్ ఎప్పుడూ కంటికి కనిపిస్తూనే ఉండాలి.

కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, 2002 నుంచి రామ్‌సర్ చిత్తడి నేల. గూళ్ల మీద కూర్చున్న పక్షి పైన మోటారు మోత వినిపిస్తే గుడ్లను వదిలి లేచిపోతుంది. అక్కడ మోడల్ ఎగరేయకండి. కోతలయ్యాక ఖాళీ పడిన పొలంలో రైతును అడిగి ఎగరేసుకోండి, ఆటపాకకు మాత్రం బైనాక్యులర్స్ పట్టుకుని వెళ్లండి.