కుర్చీకి నంబరుంది.. సాఫ్ట్‌వేర్‌కు లెక్కుందా?

ఏ ప్రభుత్వ కార్యాలయానికైనా వెళ్లండి. కుర్చీ వెనక, బీరువా పక్కన పెయింట్‌తో రాసిన నంబర్ కనిపిస్తుంది. స్టాక్ రిజిస్టర్‌లో ఆ వస్తువు నంబర్ అది. మరి అదే ఆఫీసు కంప్యూటర్‌లో ఉన్న సాఫ్ట్‌వేర్ సంగతేంటి? దానికీ ప్రజల డబ్బే ఖర్చవుతుంది. కానీ అది కంటికి కనిపించదు. ఈ కనిపించని సరుకును లెక్కపెట్టడం ఇప్పుడొక ప్రత్యేక వృత్తి. దాని పేరు సాఫ్ట్‌వేర్ అసెట్ మేనేజ్‌మెంట్. ఈ లెక్క లేకపోతే ఏమవుతుంది? మీకు దాంతో ఏం సంబంధం?

లైసెన్స్ అంటే ఏం కొన్నట్టు?

సాఫ్ట్‌వేర్ కొన్నామంటాం గానీ, చాలాసార్లు మనం కొనేది వాడుకునే హక్కు మాత్రమే. ఎన్ని కంప్యూటర్లలో, ఎంతమంది, ఎన్నాళ్లు వాడొచ్చో ఒప్పందంలో రాసి ఉంటుంది. ఉదాహరణకు, 100 మంది ఉన్న ఆఫీసు 150 లైసెన్సులు కొంటే 50 వృథా. 70 కొని 100 మందీ వాడితే ఒప్పందాన్ని ఉల్లంఘించినట్టే. కంపెనీ ఆడిట్‌కు వస్తే తేడా సొమ్ము కట్టాల్సి రావచ్చు. ఉద్యోగి రిటైరయ్యాక కూడా ఆయన పేరిట చందా కడుతూ ఉంటే అదీ నష్టమే.

అమెరికాలో ఏం తేలింది?

అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2014లో 24 పెద్ద శాఖలను పరిశీలించింది. లైసెన్సుల సమగ్ర జాబితా ఉన్నవి రెండే రెండు. వేర్వేరు ఒప్పందాలను ఒకచోటికి చేర్చడం వల్ల ఒక శాఖకు సుమారు 18.1 కోట్ల డాలర్లు మిగిలాయని కూడా ఆ నివేదికలో ఉంది. రెండేళ్లకు, 2016 జులైలో, ‘మెగాబైట్’ చట్టం వచ్చింది. లైసెన్సుల మీద పెట్టే ఖర్చులో 80 శాతానికి లెక్క తేల్చే జాబితా ఉండాలని, దాన్ని ఆటోమేటిక్ టూల్స్‌తో తయారు చేయాలని అది శాఖలను ఆదేశించింది.

ఇది డబ్బు గొడవేనా?

కాదు. మీకు అందే సేవ కూడా దీనితో ముడిపడి ఉంది. 2017 మేలో వచ్చిన ‘వనాక్రై’ వైరస్ గుర్తుందా? అది దూరే కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. అయినా అది వేసుకోని కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. ఇంగ్లండ్ ప్రభుత్వ ఆసుపత్రుల్లో 19 వేలకు పైగా అపాయింట్‌మెంట్లు రద్దయి ఉంటాయని అక్కడి ఆడిట్ కార్యాలయం అంచనా వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో కొన్ని పోలీస్ స్టేషన్ల కంప్యూటర్లకూ అది సోకింది. ఏ కంప్యూటర్‌లో ఏ వెర్షన్ ఉందో తెలియని ఆఫీసు, ఏది ముందు సరిచేయాలో ఎలా తేల్చుకుంటుంది?

ఈ రంగం ఎంతవరకు వచ్చింది?

ఒకప్పుడు ఒక్కో సంస్థది ఒక్కో పద్ధతి. 2006లో ఐఎస్‌ఓ/ఐఈసీ 19770 ప్రమాణం మొదటి భాగం వచ్చాక, లెక్క ఎలా నిర్వహించాలో అందరికీ ఒక దారి ఏర్పడింది. 2009లో వచ్చిన రెండో భాగం సాఫ్ట్‌వేర్‌కు గుర్తింపు ట్యాగ్ ఇచ్చింది. కుర్చీ మీద పెయింట్ నంబర్ లాంటిదే అది. 2016లో వచ్చిన భాగం, కొన్న హక్కుల వివరాలను కంప్యూటర్ చదవగలిగే రూపంలో పెట్టింది. వాడుతున్నదెంత, కొన్నదెంత అని పక్కపక్కన పెట్టి పోల్చడం దీంతో సులువైంది.

తర్వాతి మెట్టు, సాఫ్ట్‌వేర్ లోపల ఏమున్నాయో చెప్పే జాబితా. బిస్కెట్ ప్యాకెట్ వెనక పదార్థాల పట్టీ ఉంటుంది కదా, అలాంటిదన్నమాట. 2021 డిసెంబర్‌లో ‘లాగ్4జే’ అనే చిన్న భాగంలో లోపం బయటపడితే, అది తమ దగ్గర ఎక్కడుందో వెతుక్కోవడమే చాలా సంస్థలకు పెద్ద పనైంది. మన దేశంలో సెర్ట్-ఇన్ సంస్థ 2024 అక్టోబర్‌లో ఈ జాబితాలపై మార్గదర్శకాలు ఇచ్చింది.

మీరేం చేయాలి?

నెట్ సెంటరో, చిన్న ఆఫీసో నడుపుతుంటే ఒక కాగితం తీసుకోండి. ఏ కంప్యూటర్‌లో ఏ సాఫ్ట్‌వేర్, ఏ వెర్షన్, బిల్లు ఎక్కడ, గడువు ఎప్పుడు అనే నాలుగూ రాయండి. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసిందని గుర్తుంచుకోండి.

పైరేటెడ్ కాపీ అయితే మాత్రం జాగ్రత్త. అది దొంగ కాపీ అని తెలిసీ వాడితే, కాపీరైట్ చట్టం సెక్షన్ 63బీ కింద ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, రూ.50 వేల నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. వ్యాపారానికో లాభానికో వాడకపోతే కోర్టు జైలు శిక్ష లేకుండా వదలొచ్చు, జరిమానా రూ.50 వేలకు మించదు.

ప్రభుత్వ ఆఫీసు లెక్క తెలుసుకోవాలంటే సమాచార హక్కు చట్టం ఉంది. ‘ఎన్ని లైసెన్సులు కొన్నారు, ఎన్ని వాడుతున్నారు?’ అని అడగండి. సాధారణంగా 30 రోజుల్లో జవాబివ్వాలి. ‘వివరాలు లేవు’ అని వస్తే, లెక్క మొదలుపెట్టాల్సింది ఎక్కడో తెలిసినట్టే.