డెగూలలో లింగ నిర్ధారణ, అనుకోని గర్భధారణ

డెగూ (శాస్త్రీయ నామము: ఆక్టోడాన్ డెగస్) దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు మధ్యభాగానికి చెందిన ఒక చిన్న క్షీరదము. ఇది కొరికే జంతువుల వర్గానికి, ఆక్టోడాంటిడే కుటుంబానికి చెందినది. గినీ పంది, చించిల్లా దీనికి దూరపు బంధువులు. ఐరోపా, ఉత్తర అమెరికా ఖండాలలో దీనిని పెంపుడు జంతువుగా సాకుతారు. డెగూలలో ఆడ, మగ జంతువుల బాహ్య జననాంగాలు చూపులకు ఒకేలా ఉండుట వలన ఒకదానిని మరొకటిగా పొరబడడం సర్వసాధారణము. రెండు ఆడవి అనో, రెండు మగవి అనో తెచ్చి ఒకే బోనులో ఉంచిన జంట కొన్ని నెలలకు పిల్లలను కనడం ఈ పొరపాటు ఫలితమే. ఈ వ్యాసంలో ఆ పొరపాటుకు కారణాలు, ఆడ మగలను గుర్తించే పద్ధతి, అనుకోకుండా చూలు నిలిచినప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలు వివరించబడినవి.

పేరు, వర్గీకరణ

డెగూ అన్న పేరు చిలీ ఆదివాసులైన మపూచే ప్రజల భాష నుండి వచ్చినది. ఆ భాషలో దెవూ అనగా ఎలుక. చిలీకి చెందిన క్రైస్తవ మతాచార్యుడు, ప్రకృతి శాస్త్రవేత్త హువాన్ ఇగ్నాసియో మొలీనా 1782లో ఈ జంతువును తొలిసారిగా శాస్త్రీయంగా వర్ణించాడు. ఆయన దీనిని ఉడుతల ప్రజాతిలో చేర్చాడు. కుచ్చు తోకను, పగటిపూట తిరిగే అలవాటును చూస్తే ఎవరికైనా ఉడుతే గుర్తుకు వస్తుంది. తరువాత 1832లో ఆంగ్ల జంతుశాస్త్రవేత్త ఎడ్వర్డ్ టర్నర్ బెనెట్ దీనికి ఆక్టోడాన్ అనే ప్రత్యేక ప్రజాతిని ఏర్పరచాడు. దవడ పళ్ళ పైభాగం ఆంగ్ల అంకె 8 ఆకారంలో ఉండుట వలన ఈ పేరు వచ్చినది.

సామాన్య లక్షణాలు

పెరిగిన డెగూ బరువు సుమారు 170 నుండి 300 గ్రాముల వరకు ఉంటుంది. పైభాగం గోధుమ రంగు, పొట్టభాగం లేత పసుపు రంగు. తోక చివర నల్లని కుచ్చు ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న డెగూ ముందరి పళ్ళు నారింజ రంగులో ఉంటాయి. తోకను పట్టుకొని లాగినచో దానిపై చర్మము ఊడి వస్తుంది. శత్రువు బారినుండి తప్పించుకొనుటకు ప్రకృతి ఇచ్చిన ఉపాయమిది. ఊడిన తోక మరల పెరగదు. కావున డెగూను ఎన్నడూ తోక పట్టి ఎత్తరాదు.

డెగూలు గుంపులుగా బొరియలలో జీవిస్తాయి. ఒకే గుంపులోని ఆడవి కలసి ఒకే గూటిలో పిల్లలను పెంచుతాయి, ఒకదాని పిల్లలకు మరొకటి పాలిస్తుంది. ఒంటరిగా ఉంచితే డెగూ బెంగ పెట్టుకుంటుంది కనుక పెంపకందారులు కనీసం రెండింటిని కలిపి ఉంచుతారు. లింగ నిర్ధారణలో పొరపాటు జరిగినప్పుడు పిల్లలు పుట్టడానికి ఈ జంట పెంపకమే దారి తీస్తుంది.

ఆడ మగలను పొరబడడానికి కారణాలు

తెల్ల ఎలుకలలో పెరిగిన మగవాటిని గుర్తించడం తేలిక. వాటి వృషణాల సంచి తోక మొదట స్పష్టంగా ఉబ్బి కనిపిస్తుంది. డెగూలలో అట్టి సంచి లేదు. వృషణాలు శరీరం లోపలే ఉంటాయి. కావున సంచి కనిపించలేదు, ఇది ఆడది అనుకోవడం మొదటి పొరపాటు.

రెండవ పొరపాటు దీనికి వ్యతిరేకమైనది. ఆడ డెగూకు మూత్రద్వారం వద్ద శంకువు ఆకారంలో చిన్న బుడిపె ఉంటుంది. మగదాని జననాంగము కూడా ముడుచుకొని ఉన్నప్పుడు అదే ఆకారంలో ఉంటుంది. ఈ బుడిపెను చూచి ఆడదానిని మగదిగా భావించేవారు అనేకులు. పైగా ఆడ డెగూ యోనిద్వారము ఎల్లవేళలా తెరచి ఉండదు. ఒక పలుచని పొర దానిని మూసి ఉంచుతుంది. ఎదకు వచ్చినప్పుడు, ఈనేటప్పుడు మాత్రమే అది తెరచుకుంటుంది. మిగిలిన రోజులలో వెదికినా కనిపించదు.

ప్రవర్తనను బట్టి నిర్ణయించడం కూడా సరికాదు. ఒకదానిపై మరొకటి ఎక్కడం గుంపులో పెత్తనం చాటుకొనే చర్య. దీనిని రెండు ఆడవి గాని, రెండు మగవి గాని చేయవచ్చును. శరీర పరిమాణము, రంగు కూడా నమ్మదగిన గుర్తులు కావు.

గుర్తించే పద్ధతి

డెగూలలో లింగ నిర్ధారణకు ముఖ్యమైన గుర్తు శంకువు ఆకారపు బుడిపెకు, మలద్వారానికి నడుమ గల ఎడము.

• ఆడ డెగూలో బుడిపె, మలద్వారము దాదాపు ఒకదానినొకటి ఆనుకొని ఉంటాయి. వాటి మధ్యనే యోనిద్వారము సన్నని గీతగా ఉంటుంది.
• మగ డెగూలో ఈ రెండింటి నడుమ స్పష్టమైన ఖాళీ ఉంటుంది. పెరిగిన మగదానిలో ఇది సుమారు ఒక సెంటీమీటరు. ఖాళీ చోట చర్మము నునుపుగా కనిపిస్తుంది.

పరీక్షించునపుడు ఒక చేతితో ఛాతీ కింద, మరొక చేతితో వెనుక భాగం కింద ఆధారమిచ్చి ఎత్తవలెను. పొట్టను నొక్కరాదు. వీలైతే అడుగున అద్దము వంటి పారదర్శకమైన పెట్టెలో ఉంచి కింది నుండి చూడడం మేలు. జంతువు బెదరదు, ఫోటో తీసి పెద్దదిగా చేసి చూడవచ్చును కూడా.

పిల్లలలో ఈ ఎడము కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే కనుక ఒక్క పిల్లను చూచి తేల్చడం కష్టము. ఒకే ఈతలోని పిల్లలను ప్రక్కప్రక్కన ఉంచి పోల్చి చూచినప్పుడు తేడా తెలిసివస్తుంది. వారానికి ఒకసారి మరల చూచుట మంచిది. ఇక్కడ మరొక విషయము గమనింపదగినది. గర్భంలో రెండు మగ పిండాల మధ్య పెరిగిన ఆడ పిల్లలో ఈ ఎడము మిగిలిన ఆడ పిల్లలకంటె కొంత ఎక్కువగా ఉండగలదని చిట్టెలుకలపై జరిపిన పరిశోధనలు చూపినవి. ప్రక్కనున్న మగ పిండాల హార్మోన్ల ప్రభావము దీనికి కారణము. కావున కొలత ఒక్కటే చాలదు, పోలిక కూడా అవసరము.

గర్భధారణ కాలము

డెగూ చూలు మోసే కాలము సుమారు 90 రోజులు. ఇంత చిన్న జంతువుకు ఇది చాలా ఎక్కువ. తెలిసిన ఇతర జంతువులతో పోల్చి చూడవచ్చును:

• తెల్ల ఎలుక: 21 నుండి 23 రోజులు
• కుందేలు: 30 నుండి 32 రోజులు
• గినీ పంది: 59 నుండి 72 రోజులు
• డెగూ: సుమారు 90 రోజులు

ఈ దీర్ఘకాలమే పెంపకందారులను తికమక పెట్టుతుంది. చివరి కొన్ని వారాల వరకు పొట్ట పెద్దగా కనిపించదు. దుకాణంలో ఆడ మగలను కలిపి ఉంచినట్లయితే, కొన్నప్పటికే చూలుతో ఉన్న ఆడ డెగూ ఇంటికి వచ్చిన రెండు నెలల తరువాత ఈనవచ్చును. అప్పుడు ఇంట నున్న రెండవ ఆడ డెగూను మగదిగా అనుమానించడం కూడా జరుగుతుంది. కావున జంటను వేరు చేసిన రోజు నుండి లెక్కించి, పూర్తిగా మూడు నెలలు గడచిన తరువాతనే ఆడది చూలుతో లేదని నిశ్చయించుకోవలెను. వంటింటి త్రాసుతో వారానికొకసారి తూచి వ్రాసి ఉంచినచో, బరువు ఎడతెగక పెరుగుటను బట్టి విషయము ముందే తెలుస్తుంది.

చిలీలోని అడవి డెగూలు సాధారణంగా సంవత్సరానికి ఒకసారి, శీతాకాలపు వానలతో పచ్చిక మొలచిన తరువాత, అక్కడి వసంతంలో ఈనుతాయి. ఆహారపు కరవు వాటి సంతతికి హద్దు పెట్టుతుంది. బోనులో ఏడాది పొడవునా మేత దొరుకుతుంది కనుక ఆ హద్దు ఉండదు. పైగా ఈనిన వెంటనే ఆడ డెగూ మరల ఎదకు రాగలదు. మగది అదే బోనులో ఉన్నచో మొదటి ఈత పిల్లలకు పాలిస్తూనే రెండవ చూలు మోయవలసి వస్తుంది. ఇది తల్లి శరీరాన్ని క్షీణింపజేస్తుంది.

పిల్లలు

ఒక ఈతలో సగటున ఆరు పిల్లలు పుట్టుతాయి. ఎలుక పిల్లల వలె ఇవి నగ్నంగా, గుడ్డిగా పుట్టవు. పుట్టుకతోనే ఒంటిపై వెంట్రుకలు, నోటిలో పళ్ళు ఉంటాయి. కళ్ళు తెరచి ఉంటాయి, లేదా త్వరలోనే తెరచుకుంటాయి. బరువు సుమారు 14 గ్రాములు. కొద్ది గంటలలోనే నడవసాగుతాయి. రెండు వారాలలోపే గడ్డి కొరకడం మొదలుపెట్టినను నాలుగు నుండి ఆరు వారాల వరకు తల్లిపాలు అవసరము.

కొన్ని ఆడ పిల్లలు ఏడు వారాల వయసుకే చూలు కట్టగలవు. అన్నదమ్ములతోను, తండ్రితోను కలిసి ఉన్నచో అది తప్పదు. అంత చిన్న వయసున చూలు నిలిచిన పిల్ల తన ఎదుగుదలను కోల్పోతుంది, ఈనలేక మరణించే ప్రమాదము కూడా కలదు. రక్తసంబంధీకుల నడుమ సంతతి వలన జన్యు లోపాలు బయటపడే అవకాశము పెరుగుతుంది. ఒక జంటకు ఆరు పిల్లలు పుట్టి, వాటిలో మూడు ఆడవి అనుకొన్నచో, వేరు చేయని పక్షంలో ఆరు నెలలు తిరగకుండానే తల్లితో కలిపి నాలుగు ఆడవి ఈనే స్థితి ఏర్పడుతుంది.

తీసుకోవలసిన జాగ్రత్తలు

• చూలు అనుమానము కలిగిన వెంటనే మగదానిని వేరొక బోనులోనికి మార్చవలెను. ఒకదానినొకటి చూచుకొనుటకు, వాసన పట్టుటకు వీలుగా బోనులను ప్రక్కప్రక్కన ఉంచవచ్చును. మగ డెగూ కూడా పిల్లలను పొదువుకొని వెచ్చదనమిస్తుంది. అయినను వెంటనే రెండవ చూలు నిలిచే ప్రమాదము దృష్ట్యా వేరు చేయుటయే మంచిది.
• బోను ఊచల సందులనుండి పిల్లలు జారిపోగలవు. సన్నని కన్నుల జాలీ అవసరము. తిరుగుడు చక్రమును, ఎత్తైన అరలను తొలగించవలెను.
• ఎండుగడ్డి ఎల్లప్పుడూ అందుబాటులో ఉండవలెను. చూలుతో ఉన్నప్పుడు, పాలిచ్చునపుడు లూసర్న్ గడ్డి కొంత అదనంగా ఇవ్వవచ్చును.
• బెల్లము, పంచదార, అరటి, మామిడి వంటి తీపి పదార్థాలు పెట్టరాదు. డెగూ శరీరము చక్కెరను సరిగా వినియోగించుకొనలేదు. తీపి తిన్న డెగూలకు మధుమేహము, దానితో కంటి శుక్లాలు త్వరగా వస్తాయి. బాలింతకు తీపి బలమన్న భావన ఇక్కడ చెల్లదు.
• నొప్పులు మొదలై ఎంతసేపటికీ పిల్ల బయటకు రాకపోయినా, రక్తము పోవుచున్నా వెంటనే పశువైద్యునికి చూపవలెను.
• ఆరు వారాలు నిండేసరికి మగ పిల్లలను తల్లినుండి, అక్కచెల్లెళ్ళనుండి వేరు చేయవలెను. మగ పిల్లలను తండ్రితో కలిపి ఉంచవచ్చును.
• మగదానికి వృషణాలు తొలగించు శస్త్రచికిత్స చేయించవచ్చును. అవి లోపల ఉండుట వలన చిన్న జంతువుల చికిత్సలో అనుభవము గల వైద్యుడు కావలెను. శస్త్రచికిత్స తరువాత కూడా కొన్ని వారాల పాటు సంతానోత్పత్తి శక్తి మిగిలి ఉండవచ్చును. ఆ కాలము గడచువరకు ఆడవాటితో కలపరాదు.

తెలుగు ప్రాంతాలలో

తెలుగు ప్రాంతాలలో డెగూ పెంపకము అరుదు. కాని కుందేళ్ళు, గినీ పందులు, తెల్ల ఎలుకలు పెంచేవారికి ఇదే చిక్కు ఎదురవుతుంది. కుందేలు పిల్లలలో వృషణాలు మొదట బయటకు కనిపించవు కనుక వాటిని కూడా పొరబడడం తేలికే. గినీ పంది పిల్లలలో ఆడదాని జననభాగము ఆంగ్ల అక్షరము వై వలె, మగదానిది చిన్న ఐ వలె కనిపిస్తుంది. గినీ పందులలో మరొక ప్రమాదము కలదు. ఆడది ఆరేడు నెలల వయసు దాటిన తరువాత మొదటిసారి చూలు కట్టినచో, కటి ఎముకల కూడలి గట్టిపడుట వలన ఈనడం కష్టమగునని పశువైద్య గ్రంథాలు హెచ్చరిస్తాయి. అట్టి సందర్భంలో అనుకోని చూలు ప్రాణాంతకము కాగలదు.

పాతపట్నం వంటి పట్టణాలలో పశువైద్యశాలలు ప్రధానంగా పాడి పశువులు, మేకలు, గొర్రెల వైద్యానికి ఉద్దేశించినవి. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి సమీపంలోని పశువైద్య కళాశాల విజయనగరం జిల్లా గరివిడిలో కలదు. ఇది తిరుపతి కేంద్రంగా గల శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయానికి చెందినది.

చట్టము

భారతదేశంలో 2018లో వెలువడిన పెంపుడు జంతువుల దుకాణాల నియమాల ప్రకారము కుందేలు, గినీ పంది, హామ్‌స్టర్, ఎలుక జాతి జంతువులను అమ్మే దుకాణాలు రాష్ట్ర జంతు సంక్షేమ మండలి వద్ద నమోదు కావలెను. విదేశీ జంతువుల దిగుమతికి ప్రభుత్వ అనుమతి, క్వారంటైన్ నిబంధనలు వర్తిస్తాయి. ఉడుతను పోలియున్నది కదా అని డెగూకు బదులు మన ఉడుతను పట్టి పెంచరాదు. అది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం పరిధిలోని వన్యప్రాణి.

అనుకోకుండా పుట్టిన పిల్లలను తోటలలో, పొలాలలో వదలివేయుట తగదు. బోనులో పెరిగిన డెగూలకు ఇక్కడి శత్రువులు, వాతావరణము తెలియవు. వాటిలో అధిక భాగము కొద్ది రోజులలోనే మరణిస్తాయి. బ్రతికినచో చెట్ల బెరడును, పంటలను కొరికి నష్టము కలిగిస్తాయి. పిల్లలను ఇతరులకు ఇచ్చునపుడు ఆడ మగలను వేరు చేసి, ఒకే లింగానికి చెందిన జతలుగా ఇవ్వవలెను. పుట్టిన తేదీని, తల్లినుండి వేరు చేసిన తేదీని వ్రాసి ఇచ్చినచో తీసుకొన్నవారు మరల ఇదే పొరపాటులో పడకుండా ఉంటారు.

ఇవి కూడా చూడండి

• గినీ పంది
• కుందేలు
• ఉడుత
• చించిల్లా