చెల్లు వ్రాయని బాకీ

మా పుట్టినింట ఒక పాత భోషాణము ఉండెడిది. అందులో మా తాతగారు తీర్చిన ప్రోనోట్లు కొన్ని దారమున గ్రుచ్చి, కట్టగా దాచబడి యుండెడివి. ప్రతి పత్రముమీదను, అసలు వడ్డీలు పూర్తిగా ముట్టినవనియు, పత్రము చెల్లైనదనియు ఋణదాత స్వహస్తముతో వ్రాసి, సంతకము చేసి, స్టాంపు నడుమకు చింపి యిచ్చియుండెను. చింపిన కాగితమును దాచుట యేలయని చిన్ననాడు మేమడుగగా, "అప్పు తీర్చుట సగము పనే, తల్లీ! తీర్చితిమని చూపగలుగుట తక్కిన సగము" అని మా నాయనమ్మ చెప్పెను. ఆ మాట విలువ 2024వ సంవత్సరమున గాని మాకు తెలిసిరాలేదు. అందుచేత మా యింట జరిగినదానిని సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

2018లో మేమొక కుట్టుమిషను వాయిదాలమీద కొంటిమి. 10 నెలల వాయిదాలు. ఋణము మా పేరిటనే. ఇంతలో మా వారికి వేరొక యూరి పాఠశాలకు బదిలీ యయ్యెను. ఆ సందడిలో పాత బ్యాంకు ఖాతాలో సొమ్ము చాలక కడపటి వాయిదా తప్పిపోయెను. రెండు నెలలకు గాని మేమది గమనింపలేదు. గమనించిన నాడే వాయిదాతోబాటు 590 రూపాయల జరిమానాను గూడ కట్టి, రసీదును, బాకీ లేదను పత్రమును పుచ్చుకొంటిమి. ఋణము తీరెనని సంతసించితిమి.

కొన్నియేండ్లు గడచెను. ఊరిచివర కొన్న కొద్దిపాటి స్థలములో రెండుగదుల యిల్లు కట్టుకొనవలెనని, 2024 ఆగస్టులో గృహఋణమునకై ఇరువురి పేరిట దరఖాస్తు పెట్టుకొంటిమి. స్త్రీ పేరు చేరినచో కొన్ని బ్యాంకులు వడ్డీలో స్వల్పముగా తగ్గింతురని వినియుంటిమి. వారము దినములకు అధికారి మమ్ము పిలిచి, "మాష్టారి లెక్క బాగుగనే యున్నదమ్మా. మీ పేరిటనే 2019 నుండి బాకీ నిలిచియున్నది" అనెను. ఎంతయని యడుగగా 590 రూపాయలనెను! ఆ కొద్దిసొమ్మునకే మా పేరు బాకీదారుల వరుసలో చేరియుండెను. దరఖాస్తు ప్రక్కన పెట్టబడెను. మా వారు దారిపొడుగున ఒక్క మాటయు పలుకలేదు. నెల మొదటి తేదీనాడే పాలబాకీ, పచారీబాకీ తీర్చిగాని అన్నమునకు కూర్చుండని మనుష్యులు వారు. బ్యాంకువారి మాటకంటె ఆ మౌనమే మాకు కష్టమయ్యెను.

ఈ లెక్కను వ్రాయువారెవ్వరు? మన దేశమున అప్పు పుచ్చుకొన్నవారి చరిత్రను కూర్చు సంస్థలు నాలుగు గలవు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ 2000లో అన్నిటికంటె ముందుగా వెలసినది గావున లోకము ఈ లెక్కనంతటిని "సిబిల్" అనియే పిలుచుచున్నది. 2005లో ఈ సంస్థలకై ప్రత్యేకముగా చట్టము వచ్చెను. ఎవరెంత అప్పు పుచ్చుకొనిరో, ఏ నెల వాయిదా ఎన్ని దినములు ఆలస్యమయ్యెనో, అప్పిచ్చిన బ్యాంకులును కంపెనీలును వీరికి తెలుపుచుండును. వీరు దానిని కూర్చి, 300 మొదలు 900 వరకు ఒక అంకె కట్టుదురు. అంకె పెద్దదైనకొలది నమ్మకము హెచ్చు.

ఇందులో మనము గ్రహింపవలసిన దొకటి గలదు. ఈ సంస్థలు తమంత తాము బాకీ వ్రాయవు, తమంత తాము కొట్టివేయవు. అప్పిచ్చినవారు పంపినదే వ్రాత. తీరినదని వారు పంపనిచో, తీరిన ఋణము తీరనట్లే నిలిచియుండును. పూర్వము చెల్లైన పత్రము మన చేతికి వచ్చెడిది. ఇప్పుడా పత్రము మన కంటికి దూరముగా నున్నది. చెల్లు వ్రాసితిరా యని యడుగువారు లేనిచో, వ్రాయవలెనన్న తొందరయు ఎవ్వరికి నుండదు.

"ఇంత పాతబాకీకి కాలదోషము పట్టలేదా, వదినా?" అని మా యాడుబిడ్డ యడిగెను. ఈ భ్రమ చాలమందికి గలదు. ప్రోనోటుమీద 3 సంవత్సరములలోపల దావా వేయవలెనని మన పల్లెలలో అందరికిని దెలియును. కాని యది న్యాయస్థానమునకు పోవుటకు గడువే గాని చరిత్రను తుడిచివేయుటకు గడువు గాదు. అమెరికా దేశమున 1970 నాటి చట్టమునుబట్టి, చాలవరకు చెడుమాటలు 7 ఏండ్లు దాటిన పిమ్మట ఋణచరిత్రలో చూపరాదు. దివాలా మాత్రము 10 ఏండ్లు నిలుచును. ఆ మాట విని మనవారును ఏడేండ్లు ఓపికపట్టిన చాలుననుకొందురు. మన దేశపు నియమము వేరు. సమాచారమును కనీసము 7 సంవత్సరములు భద్రపరుపవలెనని మాత్రమే మనవారు విధించిరి. కనీసమన్నచో ఏడేండ్లు నిండిన నాడే తుడిచివేయవలెనని అర్థము గాదు. కావున కాలమే తీర్చునని ఊరకుండుట తగదు, అడిగి తీర్చుకొనవలెను.

అడుగుటకు ముందు ఏది అడుగవచ్చునో తెలిసికొనవలెను. మనది కాని ఋణము మన పేరిట నుండవచ్చును. తీరిన ఋణము తీరనట్లుండవచ్చును. మొత్తమో తేదీయో తప్పు పడవచ్చును. వీనిని సవరింపుమనుట మన హక్కు. కాని నిజముగా జరిగిన ఆలస్యమును కొట్టివేయుమనుటకు వీలులేదు. మా వాయిదా రెండు నెలలు ఆలస్యమైన మాట నిజమే. దానిని తుడువుమని మేమడుగలేదు. అట్టి మరకను పిదపటి సత్ప్రవర్తనయే క్రమముగా పలుచన చేయవలెను.

రెండు మాటలనుగూర్చి మరింత జాగ్రత్త వలయును. "సెటిల్డ్" అని యున్నచో, రావలసినదానికంటె తక్కువ పుచ్చుకొని అప్పిచ్చినవారు సరిపెట్టుకొనిరని యర్థము. ఇది పూర్తిగా తీరిన "క్లోజ్డ్"తో సమానము గాదు. తక్కిన సొమ్మునుగూడ చెల్లించి బాకీ లేదను పత్రము పుచ్చుకొన్న పిమ్మట, ఆ మాటను మార్చుమని యడుగవచ్చును. "రిటెన్ ఆఫ్" అని యున్నచో, వారు తమ పుస్తకములలో నష్టముగా వ్రాసికొనిరని మాత్రమే యర్థము. మన ఋణము మాఫీ యయ్యెనని గాదు.

ఇక మేమేమి చేసితిమో చెప్పెదము. మొదట రసీదును వెదకితిమి. ట్రంకుపెట్టెలు, అటకలు అన్నియు గాలించిన మీదట, ఆ కుట్టుమిషను సొరుగులోనే, దారపుకండెల క్రింద మడతపడి కనబడెను. పిదప నాలుగు సంస్థలనుండియు మా ఋణచరిత్రను తెప్పించితిమి. 2017 మొదలు ప్రతి సంస్థయు సంవత్సరమున కొకమారు పూర్తి పత్రమును ఉచితముగా నీయవలెనని రిజర్వు బ్యాంకు నియమము గలదు. మన పత్రమును మనము చూచుకొన్నందున అంకె తగ్గదు. చూడగా రెండు సంస్థల పత్రములలో ఆ 590 రూపాయలు బాకీగా నుండెను. మేము కట్టిన జరిమానాను ఆ కంపెనీవారు జమ వేసికొనలేదన్న మాట.

అప్పిచ్చిన కంపెనీకి రసీదు నకలు జతచేసి ఉత్తరము వ్రాసితిమి. ఆ రెండు సంస్థలకును వారి ఫిర్యాదు పత్రమును నింపి పంపితిమి. దీనికి రుసుము లేదు. ఋణఖాతా సంఖ్య, తప్పుగానున్న పంక్తి, నిజమేమో, దానికి సాక్ష్యమేమో, ఈ నాలుగును స్పష్టముగా వ్రాసిన చాలును. సంస్థవారు ఆ సంగతిని అప్పిచ్చినవారికి తెలుపుదురు. వారు 21 దినములలో సరియైన సమాచారమును పంపవలెను. మొత్తము 30 దినములలో వ్యవహారము తేలవలెను. తేలనిచో, ఆలస్యమునకు కారకులైనవారు దినమునకు 100 రూపాయల చొప్పున మనకు పరిహార మీయవలెనని 2024 ఏప్రిలునుండి నియమము అమలులోనికి వచ్చెను. అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకయే మొరపెట్టుకొనవచ్చును. 2022 సెప్టెంబరునుండి ఋణచరిత్ర సంస్థలును ఆ విచారణ క్రిందకు వచ్చినవి.

26వ దినమున ఒక సంస్థనుండి జవాబు వచ్చెను: బాకీ సున్న, ఖాతా క్లోజ్డ్. రెండవచోట మాత్రము పాతమాటయే యుండెను. మరల వ్రాసితిమి. మరి పదునేను దినములకు అదియు సవరింపబడెను. ఒకచోట దిద్దినచో అన్నిచోట్ల దిద్దినట్లని నమ్మరాదని మేమిట్లు నేర్చుకొంటిమి.

సోదరీమణులారా! ఇది పురుషుల వ్యవహారమని మనము తలచుట కూడదు. భర్త వ్యాపారమునకో, తమ్ముని మోటారుసైకిలునకో, "ఇక్కడొక సంతకము చేయుము" అన్నచో చదువకయే చేయువారు మనలో నెందరో గలరు. జామీను సంతకము చేసినచో ఆ బాకీ మన చరిత్రలోనికిని వచ్చును. పొదుపు సంఘముల ఋణములును, సూక్ష్మఋణములును ఈ లెక్కలలో చేరుచున్నవి. నక్షత్రకునివలె యింటిముందు కూర్చుండి వసూలుచేయు సూక్ష్మఋణ సంస్థలను అరికట్టుటకు 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున ఆర్డినెన్సు వచ్చెను. ఆ పిదప వసూళ్లు దాదాపుగా నిలిచిపోయెను. నాటి బాకీలు పల్లెటూళ్ల స్త్రీల పేరిట ఋణచరిత్రలో మిగిలిపోయినవి. తమ పేరిట నున్నదేమో తెలియక, అప్పు నిరాకరింపబడిన నాడు గాని తెలిసికొనలేని దుఃస్థితి యెవ్వరికిని వలదు.

మరియొక హెచ్చరిక. ఇన్ని వేలిచ్చినచో చెడుమాటలన్నియు తుడిపింతుమని చెప్పువారు బయలుదేరినారు. నిజమైన బాకీని తుడుచు శక్తి వారికి లేదు. తప్పుబాకీని దిద్దించుటకు వారి యవసరము మనకు లేదు. ఒక కలము, ఒక రసీదు, కొంత ఓపిక చాలును.

మా యిల్లు ఇప్పుడు కిటికీల యెత్తువరకు లేచినది. ఆ రసీదును, బాకీ లేదను పత్రమును, సవరించిన లెక్కలను కలిపి దారముతో కట్టి, మా పెద్దమ్మాయికి చూపి పెట్టెలో దాచితిమి. సంస్థలు నాలుగు, సంవత్సరమునకు నెలలు పండ్రెండు గావున, మూడు నెలల కొకదాని చొప్పున ఉచితముగా తెప్పించుకొనుట మా యింట నియమమైనది. మీరును ఈ నెలలోనే మీ పేరిటి పత్రము నొకదానిని తెప్పించి, మొదటి పంక్తినుండి తుదివరకు స్వయముగా చదువుడు. తీరిన ఋణములెదుట చెల్లు వ్రాయబడినదో లేదో చూచుకొనుడు.