చిన్న రంపం, పెద్ద కూత

ఏప్రిల్ నెలాఖరు నుంచి జూన్ తొలి వానల దాకా హైదరాబాద్‌లో సాయంత్రాలను నమ్మడానికి లేదు. పగలంతా కాగిన ఊరి మీదికి ఉన్నట్టుండి ఈదురుగాలి విరుచుకుపడుతుంది. పబ్లిక్ గార్డెన్స్ చుట్టూ, రెడ్‌హిల్స్ సందుల్లో, నాంపల్లి స్టేషన్ రోడ్డు మీద తురాయి, నిద్రగన్నేరు కొమ్మలు కరెంటు తీగల మీదా ఆటోల మీదా వాలిపోతాయి. రోడ్డుకు అడ్డంగా చెట్టు పడితే, 2018లో జీహెచ్‌ఎంసీ ఏర్పాటు చేయగా 2024 నుంచి హైడ్రా సంస్థ కింద పనిచేస్తున్న విపత్తు స్పందన దళం పెట్రోల్ రంపాలతో వచ్చి దారి తెరుస్తుంది. ప్రహరీ లోపల పడిన చెట్టు సంగతి వేరు. అపార్ట్‌మెంట్ వాళ్లో బడి వాళ్లో ఎవరో ఒక చిన్న కాంట్రాక్టరును పిలుచుకోవాలి. అతని చేతిలో ఉండేది 30 సీసీ నుంచి 58 సీసీ దాకా ఏదో ఒక చిన్న మిషన్. దాని మీద వినిపించే ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: "లాగట్లేదు." అందుకు చెప్పే చిట్కా కూడా తరచూ ఒకటే: సైలెన్సర్‌కు ఇంకో బొక్క పెట్టు, పోర్టు కాస్త అరగదియ్యి. ఈ చిట్కా ఉత్తి నాటు వైద్యమేమీ కాదు, దాని వెనక శాస్త్రం ఉంది. కానీ మన ఎండలో, మన పెట్రోలుతో, మేకులు దిగిన మన వీధి చెట్ల మీద నడిచే చిన్న రంపానికి అది చివరగా చేయాల్సిన పని. మొదటే చేస్తే బలం పెరిగినట్టే పెరిగి ఇంజిన్ పోతుంది.

ఎందుకో తెలియాలంటే టూస్ట్రోక్ ఇంజిన్ లోపల ఏం జరుగుతుందో కాస్త చూడాలి. దీనికి స్కూటీ ఇంజిన్‌లో ఉన్నట్టు వాల్వులుండవు. సిలిండర్ గోడకున్న రంధ్రాలను, మెకానిక్కులు పోర్టులనే వాటిని, పిస్టనే మూస్తూ తెరుస్తూ ఉంటుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ముందు పొగ పోయే పోర్టు తెరుచుకుంటుంది. వెంటనే పక్క పోర్టుల్లోంచి గాలి, పెట్రోలు, ఆయిల్ కలిసిన కొత్త మిశ్రమం ఎగదన్ని, మిగిలిన పొగను బయటికి తోస్తుంది. నిమిషానికి 12 వేల చుట్లు తిరిగే రంపంలో ఈ తతంగమంతా సెకనుకు 200 సార్లు జరగాలి. ఆ తొందరలో పొగతోపాటు కాలని పెట్రోలు కూడా జారిపోతుంది. పాత తరహా ఇంజిన్లలో లోపలికి వచ్చినదాంట్లో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా అలా వృథా అవుతుందని అంచనా. 1990ల నడుమ నుంచి అమెరికాలోనూ తర్వాత యూరప్‌లోనూ చేతి యంత్రాల పొగ మీద నిబంధనలు రావడంతో కంపెనీలు సైలెన్సర్ దారి ఇరుకు చేశాయి, కార్బొరేటర్ స్క్రూలు ఎక్కువగా తిరగకుండా ప్లాస్టిక్ టోపీలు తొడిగాయి. నిప్పురవ్వలు ఎగిరి అడవి అంటుకోకుండా సైలెన్సర్ మూతిలో సన్నని జాలీ అప్పటికే ఉంది. ఈ కట్టుబాట్లతో తయారైన మిషన్లే మన బజారుకూ వస్తాయి.

కాబట్టి సైలెన్సర్ తెరిస్తే బలం పెరుగుతుందన్న మాట అబద్ధం కాదు. పొగ త్వరగా వెళ్లిపోతే కొత్త మిశ్రమానికి చోటు దొరుకుతుంది. అక్కడిదాకా అందరూ చెబుతారు, ఆ తర్వాతి సంగతే చెప్పరు. గాలి ఎక్కువగా ఆడినప్పుడు పెట్రోలూ ఆ మేరకు పెరగాలి. పెరగకపోతే మిశ్రమం పలచబడి ఇంజిన్ మరింత వేడెక్కుతుంది. పైగా టూస్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే కనక, పెట్రోలు తగ్గితే సిలిండర్ గోడకు అందే ఆయిలూ తగ్గుతుంది. పిస్టన్ ఉబ్బి, గోడను గీరుకుని, చివరికి ఇంజిన్ పట్టేస్తుంది. అలా కాకుండా ఉండాలంటే కార్బొరేటర్ మీది 'హెచ్' స్క్రూను కొంచెం విప్పి పెట్రోలు పెంచాలి. చిన్న మిషన్లలో చాలావాటికి ఆ స్క్రూయే ఉండదు, పెట్రోలు వచ్చే రంధ్రాన్ని, అంటే జెట్టును, ఫ్యాక్టరీలోనే ఖాయం చేసి పంపుతారు. చిక్కెక్కడంటే, పలచబడిన మిషన్ మొదట్లో నిజంగానే హుషారుగా ఉంటుంది. చుట్లు పెరుగుతాయి, కూత సన్నబడుతుంది, యజమానికి పని కుదిరిందనిపిస్తుంది. తేడా చెవితో పట్టుకోవచ్చు. మిశ్రమం సరిగా ఉన్న రంపాన్ని గాల్లో ఉంచి పూర్తిగా రేజ్ చేస్తే కాస్త గరగరలాడుతుంది. మిశ్రమం కొంచెం చిక్కగా ఉండి, మధ్యమధ్య ఒక మంట తప్పడం వల్ల వచ్చే చప్పుడది. చైను తిరిగే పట్టీ, అంటే బారు, కట్టెలోకి దిగగానే ఆ గరగర పోయి గొంతు శుభ్రపడుతుంది. కట్టె తగలకముందే ఈలలాగా శుభ్రంగా కూస్తోందంటే ఆ మిషన్‌ను అప్పుడే ఆపెయ్యడం మంచిది.

ఇక మన ఊరి లెక్క. హైదరాబాద్ సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో ఇక్కడి గాలి, సముద్రతీరంలో 15 డిగ్రీల దగ్గరుండే గాలి కంటే దాదాపు 14 శాతం పలచన. ఇంజిన్‌కు అందే ఆక్సిజనే తక్కువైనప్పుడు బలం తగ్గక తప్పదు. "లాగట్లేదు" అన్న ఫిర్యాదులో కొంత భాగం మిషన్‌ది కాదు, ఎండది. గాలి తగ్గినంతగా కార్బొరేటర్‌లో పెట్రోలు తగ్గదు కాబట్టి, లెక్క ప్రకారం మిశ్రమం ఓ 8 శాతం చిక్కబడుతుంది. ఇంకోపక్క ఇథనాల్ ఉంది. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023లో బంకుల్లోకి వచ్చి, 2025కల్లా దేశమంతా పరుచుకుంది. కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. కాబట్టి ఇథనాల్ లేని పెట్రోలుకు కుదిర్చిన జెట్టులో ఈ కొత్త పెట్రోలు పోస్తే మిశ్రమం 7, 8 శాతం పలచబడుతుంది. మే నెలలో ఎండ చిక్కదనమూ ఇథనాల్ పలచదనమూ ఒకదానికొకటి దాదాపు చెల్లిపోతాయి. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో మాత్రం ఎత్తు వల్ల వచ్చే చిక్కదనం 3 శాతమే మిగులుతుంది, ఇథనాల్ పలచదనం ఎప్పటిలాగే ఉంటుంది. ఎండాకాలంలో సైలెన్సర్ తెరిచి, చెవికి బాగుందనుకున్న రంపం చలికాలంలో పట్టేయడానికి ఇంతకంటే కారణం వెతకనక్కర్లేదు. స్క్రూతో కుదుర్చుకునే కార్బొరేటర్లకు 10 శాతం మించిన ఇథనాల్ వాడొద్దని చెప్పే మాన్యువళ్లూ ఉన్నాయి. ఆ సలహా పాటిద్దామన్నా మామూలు బంకులో దొరికేది 20 శాతందే. ఆయిల్ కాస్త ఎక్కువ పోస్తే ఇంజిన్‌కు రక్షణ అనుకోవడమూ పొరపాటే. లీటరుకు 20 మిల్లీలీటర్లు చాలన్న మిషన్‌లో 40 పోస్తే, ఆ మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం ఇంకాస్త పలచబడుతుంది.

ఇంజిన్ సంగతి ఇలా ఉంచితే, నిజానికి కట్టెను కోసేది చైను. 1946లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో జోసెఫ్ కాక్స్ అనే కలప కూలీ, మొద్దును తొలుస్తున్న ఒక పురుగును గమనించాడు. అది నారకు అడ్డంగానూ పొడవునానూ ఒకే తేలికతో, కుడికీ ఎడమకీ దవడలు ఆడిస్తూ కట్టెను నమిలేస్తోంది. ఆ దవడల తీరునే ఉక్కులో పెట్టి అతను చేసిన చైను 1947లో అమ్మకానికి వచ్చింది. అంతకుముందు చైన్లు కట్టెను గీకేవి, ఇది చెక్కింది. నేటి రంపాల చైన్లు దాదాపు అన్నీ ఆ పన్నుకు వారసులే. ఇంజిన్ జోలికి పోకుండా పన్ను మారిస్తే కోత ఎంత మారుతుందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం నాకు కనిపించదు.

అదే పన్ను నాంపల్లిలో ఏమవుతుందో చూడండి. వీధి చెట్టు మొదలును దగ్గరగా చూస్తే టులెట్ బోర్డుల మేకులు, ట్యూషన్ ప్రకటనల చీలలు, కేబుల్ వాళ్ల కొక్కేలు, బెరడు మింగేసిన పాత ట్రీగార్డు ఇనుప చువ్వలు కనిపిస్తాయి. బెరడు ముడతల్లో దుమ్మూ ఇసుకా సరేసరి. ఒక్క మేకు తగిలితే చాలు, చైనులో సగం పళ్ల అంచు మడుచుకుపోతుంది. అక్కడి నుంచి మనిషి మిషన్‌ను నొక్కి పట్టాల్సి వస్తుంది, చుట్లు పడిపోతాయి, క్లచ్ జారి వేడెక్కుతుంది, ఇంజిన్‌లో దమ్ము లేదన్న మాట పుడుతుంది. పరీక్ష చాలా తేలిక. కోసేటప్పుడు బారు కింద పడుతున్నదాన్ని అరచేతిలోకి తీసుకుంటే, పదునున్న చైను కింద చిన్న చిన్న పెచ్చులుంటాయి, మొద్దుబారిన చైను కింద పిండి ఉంటుంది. పిండి పడుతున్న మిషన్‌కు సైలెన్సర్ తెరిస్తే అదే పిండి ఇంకొంచెం తొందరగా పడుతుంది, అంతే. చిన్న మిషన్ల సన్న చైనుకు 4 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి, 30 డిగ్రీల వాలు, ప్రతి పంటికీ సమానంగా రెండు మూడు దెబ్బలు కావాలి. కుడి పళ్లు, ఎడమ పళ్లు ఒకే పొడవున లేకపోతే కోత వంకర పోతుంది. పంటి ముందుండే చిన్న గుబ్బ, డెప్త్ గేజ్, పంటి అంచుకంటే సుమారు 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పన్ను అరిగేకొద్దీ ఈ గుబ్బనూ దించాలి. దీన్ని మరిచి పన్నునే రాస్తూ పోతే చైను మెరుస్తుంది గానీ కట్టెలోకి దిగదు.

ఇక్కడొక ఆక్షేపణ రావడం సహజం. ఇది ఆల్విన్ కంపెనీ పుష్పక్ స్కూటర్లు చేసిన ఊరు. 1985 నుంచి 1996 దాకా తయారైన ఆర్‌ఎక్స్100 బైకులకు పోర్టులు అరగదీసి రయ్యిమనిపించిన మెకానిక్కులు ఇప్పటికీ ఉన్నారు. పుత్లీబౌలి స్పేర్‌పార్టుల దుకాణాలు పక్కనే ఉండగా, ఆ చేతులకు ఈ చిన్న ఇంజిన్ ఒక లెక్కా? చేతి నేర్పును నేను తక్కువ చెయ్యను, ఇనుము మాత్రం వేరు. ఆర్‌ఎక్స్100 బోరు ఇనుప లైనర్‌ది. గీతలు పడితే బోరింగ్ చేసి ఓవర్‌సైజు పిస్టన్ వేసుకోవచ్చు, తప్పు జరిగితే దిద్దుకోవడానికి దారుంటుంది. రంపం సిలిండర్ సాధారణంగా అల్యూమినియంది, లోపల క్రోమ్ లేదా నికెల్ పూత వెంట్రుక మందంలో ఉంటుంది. పోర్టు అంచున గ్రైండర్ ఒక్కసారి జారితే పూత పెచ్చులూడి రింగు తట్టుకుంటుంది. ఇక బోరింగ్ అన్న మాటే లేదు, సిలిండర్ పిస్టన్ సెట్టు మొత్తం మార్చాలి. ఇంకో తేడా సైలెన్సర్‌ది. బైకు పొడుగాటి గొట్టంలో పొగ అల వెనక్కి తన్ని, జారిపోతున్న మిశ్రమాన్ని మళ్లీ సిలిండర్‌లోకి నెడుతుంది. బైకులో పోర్టు ఎత్తు పెంచితే వచ్చే లాభంలో ఆ గొట్టానికీ వాటా ఉంది. రంపానికి ఉన్నది అరచేతిలో పట్టే రేకు డబ్బా. అందులో పోర్టు ఎత్తు పెంచితే పై చుట్లలో కొంచెం దొరికి, కట్టెలో బరువు పడ్డప్పుడు కావాల్సిన లాగుడు తగ్గుతుంది.

విదేశాల్లో రంపాల పోటీలే జరుగుతున్నాయి కదా అనొచ్చు. జరుగుతున్నాయి. 1985లో మొదలైన టింబర్‌స్పోర్ట్స్ పోటీల్లో 'హాట్ సా' అనే విభాగమే ఉంది, అందులో ఇంజిన్లను ఇష్టమొచ్చినట్టు మార్చుకుంటారు. ఆ మిషన్లు పూర్తి బలంతో నడిచేది కొన్ని సెకన్లపాటు, శుభ్రం చేసిన దుంగ మీద. వాన వెలిసిన రాత్రి గంటల తరబడి నడవాల్సిన 30 సీసీ మిషన్‌కు ఆ లెక్క వర్తించదు. పెద్ద మిషన్ అమ్ముకోవడానికే కంపెనీలు చిన్నదాని గొంతు నొక్కుతాయన్న అనుమానం కూడా ఉంది. వ్యాపారంలో అది ఉండదని ఎవరూ పూచీ పడలేరు. అయితే చెవి దగ్గర సైలెన్సర్ ఉన్నప్పుడే 100 డెసిబెల్స్ దరిదాపుల్లో అరిచే యంత్రమిది. నాంపల్లిలో నిలోఫర్ ఆస్పత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి, కోర్టులు కూతవేటు దూరాల్లో ఉన్నాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఆస్పత్రుల, బడుల, కోర్టుల చుట్టూ 100 మీటర్ల మేర నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించవచ్చు. చెట్టు పడ్డ రాత్రి ఆ సందులో రంపం నడవక తప్పదు, నిజమే. సైలెన్సర్ కోసిన రంపం నడవాల్సిన అవసరం మాత్రం లేదు. ఆ చప్పుడుకు అందరికంటే ముందు చెవులు పోగొట్టుకునేది దాన్ని పట్టుకున్న మనిషే.

అయితే అసలు ముట్టుకోకూడదా? హెచ్ స్క్రూ ఉన్న 50 సీసీ పైబడిన మిషన్‌కు, చైను పదును పెట్టి, ఎయిర్ ఫిల్టర్ కడిగి, జాలీకి పట్టిన మసి వైరు బ్రష్‌తో రుద్ది, తాజా పెట్రోలు పోసి చూశాక కూడా లాగుడు చాలకపోతే, సైలెన్సర్ దారిని కొద్దిగా పెంచి మిశ్రమం సరిచెయ్యడం తెలివైన పనే. జాలీని మాత్రం తీసెయ్యకూడదు. స్క్రూను ఎండాకాలం, చలికాలం విడివిడిగా చూసుకోవాలి. చాలాసార్లు ఆ మసి రుద్దడంతోనే కథ ముగుస్తుంది. స్కూటర్ల కాలంలో సైలెన్సర్‌ను నిప్పుల మీద కాల్చి మసి వదిలించిన తరానికి ఇది కొత్త విషయమేమీ కాదు. స్క్రూ లేని 30 సీసీ మిషన్‌తో ఈ ప్రయోగం వద్దు. పోర్టు అరగదీయడానికి ఇచ్చే కూలి డబ్బుతో బారుకు సరిపోయే స్పేర్ చైను ఒకటి కొని సంచిలో పెట్టుకుంటే, మేకు తగిలిన నిమిషంలో మార్చుకుని పని కానివ్వచ్చు.