సముద్రం రంగు, ఉపగ్రహం లెక్క



వేటకు బయలుదేరే ముందు రేవులో వినిపించే మొదటి ప్రశ్న, ఈవేళ చేప ఎక్కడుంది అని. గోపాలపూర్‌లోనైనా, యానాంలోనైనా, చెన్నై కాసిమేడులోనైనా ఇదే ప్రశ్న. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం దీనికి తనవంతు సమాధానం పంపుతుంది. ఫలానా తీరం నుంచి ఫలానా దిక్కుగా, ఇన్ని కిలోమీటర్ల దూరంలో, ఇంత లోతు నీటిలో చేపలు దొరికే అవకాశం ఉందని తీరప్రాంత భాషలన్నిటిలో తెలియజేస్తుంది. ఆ సమాచారానికి ముఖ్యమైన ఆధారాలు రెండు: సముద్రపు పైనీటి వేడి, సముద్రపు రంగు. రెండూ ఉపగ్రహాలు చూసి చెప్పేవే. ఆ మాట నమ్మి డీజిలు పోసుకుని వెళ్ళే మనిషికి, అది ఎంతవరకు నిజమో తెలియాలి కదా!

ముందుగా రంగుకూ చేపకూ ఉన్న సంబంధం చూద్దాం. సముద్రపు పైపొరల్లో కంటికి కనిపించని మొక్కలుంటాయి. వీటిని వృక్ష ప్లవకాలు అంటారు. చెట్ల ఆకుల్లో ఉన్నట్టే వీటిలోనూ పత్రహరితం ఉంటుంది. పత్రహరితం నీలి కాంతిని పీల్చుకుంటుంది. అందుకే ప్లవకాలు తక్కువగా ఉన్న నడిసంద్రం నీలంగానూ, ఎక్కువగా ఉన్న నీరు పచ్చగానూ కనిపిస్తుంది. ప్లవకాలను చిన్న జీవులు తింటాయి, వాటిని చిన్న చేపలు, చిన్న చేపలను పెద్ద చేపలు. కాబట్టి రంగు తెలిస్తే మేత తెలుస్తుంది. మేత ఉన్నచోటికి చేప వస్తుంది.

అయితే ఆకాశం నుంచి ఈ రంగును చూడడం తేలిక కాదు. మన దేశం 2009లో పంపిన ఓషన్‌శాట్-2 ఉపగ్రహం 720 కిలోమీటర్ల ఎత్తున తిరిగింది. మధ్యలో గాలి ఉంది, ధూళి ఉంది, తేమ ఉంది. ఉపగ్రహానికి చేరే కాంతి నూరు పాళ్ళనుకుంటే, దాదాపు తొంభై పాళ్ళు గాలిపొర వెదజల్లినదే. సముద్రం నుంచి వచ్చేది మిగిలిన పది పాళ్ళే. పూలను తట్టతో సహా తూచినట్టుంటుంది ఈ వ్యవహారం. తట్ట తొమ్మిది కిలోలు, పూలు ఒక కిలో. తక్కెడలో నూటికి ఒక పాలు తేడా వస్తే, ఆ తేడా అంతా పూలమీదే పడి నూటికి పది పాళ్ళవుతుంది.

పైగా ఆకాశంలోని పరికరం చూపు కాలం గడిచేకొద్దీ మందగిస్తుంది. సముద్రపు రంగు చూడడానికి అమెరికా 1978లో పంపిన మొదటి పరికరానికి ఇదే జరిగింది. అది 1986 దాకా పనిచేసింది కాని, దాని చూపు తగ్గుతూ వచ్చింది. ఆ అనుభవంతో, 1997లో సీవిఫ్స్ అనే పరికరం పంపినప్పుడు, హవాయి దీవుల్లోని లనాయి దగ్గర సముద్రంలో మోబీ అనే తేలుడు పరికరాన్ని లంగరు వేశారు. దీని పొడవు సుమారు 12 మీటర్లు. నీటిలోపల వేర్వేరు లోతుల్లో చేతులు చాచి, సముద్రం నుంచి పైకి వచ్చే కాంతిని రంగురంగుగా కొలుస్తుంది. అక్కడ నీరు నిర్మలం, గాలి నిర్మలం. ఉపగ్రహం పైనుంచి వెళ్ళినప్పుడు రెండు లెక్కలూ పోల్చి, ఉపగ్రహం లెక్కను సరిదిద్దుతారు.

సరిదిద్దడం ఒక పని. సరిపోయిందా లేదా అని వేరేచోట పరీక్షించడం మరో పని. దీనికి ఓడల మీదా పడవల మీదా వెళ్ళాలి. కాంతిని కొలిచే పరికరాన్ని నీటిలోకి దింపుతారు. ఓడ నీడ దానిమీద పడకూడదు. అదే చోట సీసాలతో నీరు తీసి, సన్నని గాజుపీచు బిళ్ళ గుండా వడపోస్తారు. బిళ్ళమీద మిగిలిన ప్లవకాలను ద్రవ నత్రజనిలో భద్రపరుస్తారు. ప్రయోగశాలలో ఎసిటోన్‌తో పత్రహరితాన్ని కరిగించి, ఎంత ఉందో కొలుస్తారు. ఉపగ్రహం ఆ చోటిని చూసిన కొద్ది గంటల్లోపల తీసిన నీరే పోలికకు పనికివస్తుంది. ఆ వేళకు మబ్బు కమ్మితే పోల్చడానికి ఉపగ్రహం లెక్కే ఉండదు.

ఇంకో చిక్కుంది. ఓషన్‌శాట్-2 చిత్రంలో ఒక్క చుక్క ఎన్నో ఎకరాల మేర ఉంటుంది. సీసాలో పట్టేది లీటరు, రెండు లీటర్లు. అందుకే ఒక్క చుక్కతో సరిపెట్టుకోక, చుట్టుపక్కల చుక్కలన్నీ ఒకేలా ఉన్నాయా అని కూడా చూస్తారు.

నడిసంద్రంలో పత్రహరితం లెక్క నూటికి 35 పాళ్ళ తేడాలోపల రావాలని సీవిఫ్స్ నాడు లక్ష్యం పెట్టుకున్నారు. నిజంగా ఒక మిల్లీగ్రాము ఉంటే, 0.65 నుంచి 1.35 దాకా ఏదైనా రావచ్చునన్నమాట.

తీరం దగ్గర సంగతి వేరు. గోదావరికి ఎర్రనీరు వచ్చినప్పుడు సముద్రం రంగు మారేది మట్టివల్ల. కుళ్ళిన ఆకుల పసరు కూడా నదులతో దిగుతుంది. అది సైతం నీలి కాంతిని పీల్చుకుంటుంది. పైనున్న కెమెరాకు ఇవన్నీ ప్లవకాల్లాగే కనిపించి, లెక్క ఎక్కువగా వస్తుంది. నిర్మలమైన హవాయి నీటిలో సరిపోయిన సూత్రం మన నదీముఖాల దగ్గర సరిపోకపోవచ్చు. అందుకే బరంపురం విశ్వవిద్యాలయం పరిశోధకులు, హైదరాబాదు కేంద్రంతో కలసి, ఋషికుల్య నది సముద్రంలో కలిసే ప్రాంతంలో పడవలమీద వెళ్ళి నీటి నమూనాలు తీసి, ఉపగ్రహాల లెక్కతో పోల్చారు. మన తీరానికి సరిపడే సూత్రం మన నీటిని కొలిస్తేనే దొరుకుతుంది.

2022 నవంబరులో ఓషన్‌శాట్-3 వెళ్ళింది. దాని ముందుతరం ఉపగ్రహాల్లో కెమెరా ఎనిమిది రంగుపట్టీలలో చూసేది. ఇందులో అవి పదమూడు. చూపు పెరిగింది కాని, సీసాతో పని తీరలేదు. కొత్త కెమెరా వచ్చిన ప్రతిసారీ మళ్ళీ మొదటినుంచి పోల్చి చూడవలసిందే.

కనుక మత్స్యకార సోదరులారా, ఉపగ్రహం చెప్పిన మాటను జోస్యంగా తీసుకోనక్కరలేదు, కొట్టిపారేయనూ అక్కరలేదు. దూరపు సముద్రంలో దానిమీద ఎక్కువ భరోసా పెట్టవచ్చు. నదీముఖాల దగ్గర, వరదల రోజుల్లో, నీటిరంగు మట్టిదో మేతదో మీ కళ్ళతోనూ చూసుకోండి. ఎప్పుడైనా ఒక చిన్న పడవ సముద్రంలో ఆగి, అందులోని వాళ్ళు సీసాలు దించుతూ కనిపిస్తే, ఆకాశంలోని లెక్కను సరిచూస్తున్నది వారేనని గుర్తుంచుకోండి.