ఈ-సిగరెట్ ద్రవాల స్వచ్ఛంద భద్రతా ప్రమాణాలు

ఎలక్ట్రానిక్ సిగరెట్‌లో వేడిచేసి ఆవిరిగా పీల్చే ద్రవాన్ని ఈ-లిక్విడ్ అంటారు. ఇందులో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, రుచి పదార్థాలు, సాధారణంగా నికోటిన్ ఉంటాయి. దీని తయారీలో చట్టం నిర్బంధించకపోయినా ఉత్పత్తిదారులు తమంతట తాము పాటించే నియమాలే స్వచ్ఛంద భద్రతా ప్రమాణాలు.

ఆవశ్యకత

నికోటిన్ విషపదార్థం. సీసాపై రాసినదానికన్నా లోపల ఎక్కువగా ఉంటే వాడేవారికి, మూత సులభంగా ఊడివస్తే పసిపిల్లలకు ప్రమాదం. అంతేగాక, తినదగిన రుచి పదార్థాలన్నీ పీల్చదగినవి కావు. వెన్న వాసన నిచ్చే డైఅసిటైల్ ఇందుకు ఉదాహరణ. 2000లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రంలో పాప్‌కార్న్ కర్మాగారంలో పనిచేసినవారికి తీవ్రమైన ఊపిరితిత్తుల వ్యాధి సోకినట్లు బయటపడింది. వెన్న రుచి పదార్థాల ఆవిరికీ ఈ వ్యాధికీ గల సంబంధాన్ని తరువాత పరిశోధకులు గుర్తించారు.

ప్రమాణాలు

2012లో అమెరికా తయారీదారులు అమెరికన్ ఈ-లిక్విడ్ మాన్యుఫాక్చరింగ్ స్టాండర్డ్స్ అసోసియేషన్‌ను స్థాపించారు. నికోటిన్ పరిమాణాన్ని సరిచూడటం, డైఅసిటైల్ కలపకపోవడం, పరిశుభ్రమైన చోట తయారుచేయడం, పిల్లలు తెరవలేని మూతలు బిగించడం దీని ముఖ్య నియమాలు. 2015లో ఫ్రాన్సుకు చెందిన ఆఫ్నోర్, బ్రిటన్‌కు చెందిన బ్రిటిష్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ కూడా ఇటువంటి పత్రాలను వెలువరించాయి.

పరిమితులు, చట్టాలు

స్వచ్ఛంద ప్రమాణాలు అంగీకరించినవారికే వర్తిస్తాయి. 2019లో అమెరికాలో వ్యాపించిన ఊపిరితిత్తుల వ్యాధికి ప్రధాన కారణంగా గుర్తించిన విటమిన్ ఇ ఎసిటేట్, ఎక్కువగా అనధికారికంగా అమ్మిన గంజాయి సంబంధిత ద్రవాలలో కనబడింది. ఐరోపా సమాఖ్య 2016 నుండి మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాముల నికోటిన్‌ను గరిష్ఠ పరిమితిగా అమలుచేస్తున్నది. భారతదేశం 2019లో ఈ-సిగరెట్ల తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలను నిషేధించింది. ప్రమాణాలు పాటించిన ద్రవమైనా పూర్తిగా హానిరహితం కాదు.